తొమ్మిదో పీట

సంగమదుర్గం బురుజు మీద మొదటి కొమ్ము మోగింది. ఆ మోత లోయలో పడి, కొండల మధ్య నాలుగు దొర్లు దొర్లి, చివరికి మైలారు చెవిలో దూరింది. అతడు నడక ఆపలేదు. అసలు ఆగడమనేది అతనికి చేతకాదు.

మైలారు గువ్వలసీమలో కావడి మోసేవాడు. ముప్పయ్యేళ్లవాడు, వెదురుగెడలాంటి మనిషి. అన్నానికి కూర్చున్నా ఎడమకాలు దానంతటది ఆడుతూనే ఉంటుంది. పెళ్లిపీటల మీదనుంచి మూడుసార్లు లేచాడని భార్య పోలి ఇప్పటికీ పదిమందికీ చెప్పి నవ్విస్తుంది. నిలబడితే వెనకనుంచి ఏదో తరుముకొస్తున్నట్టు, కూర్చుంటే అదే వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది అతనికి. అదేమిటో వెనక్కి తిరిగి చూద్దామని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం అతని కావడిలో ముందు బుట్టలో ఎనభయ్యేళ్ల రేవమ్మవ్వ ముడుచుకు కూర్చుంది. వెనక బుట్టలో ఒక పనసచెక్క పీట, బరువు సరిపోవడానికి దాని మీద ఒక నల్లరాయి ఉన్నాయి. అవ్వ గువ్వలసీమకు పెద్ద. పీట గువ్వలసీమకు ప్రాణం.

పన్నెండేళ్లకొకసారి తొమ్మిది సీమలూ సంగమదుర్గంలో సభ తీరుతాయి. అక్కడ సింహాసనాలుండవు. ఏ సీమ పీటను ఆ సీమే మోసుకురావాలి. నలభై లక్షల జనమున్న హేమకూటానిదీ ఒక్క పీటే, పదకొండు వేలమంది ఉన్న గువ్వలసీమదీ ఒక్క పీటే. పీటకు ఒక మాట. మూడో కొమ్ము లోపల పీట వేసుకు కూర్చోని సీమ కూటమిలో లేనట్టే లెక్క. లేని సీమను ఎవరు మింగినా అడిగేవాడుండడు. ఉన్న సీమ మీద ఎవరు చెయ్యి వేసినా మిగతా సీమలన్నీ కత్తి దూసి తీరాలి.

ఈసారి హేమకూటం కొత్త కోరిక తెచ్చింది. లక్ష తలలకు ఒక పీట కావాలట. లక్ష లేని సీమ పక్క సీమలో కలిసిపోవాలట. ఆ మాట మీద ఎనిమిది సీమలు నాలుగూ నాలుగుగా చీలిపోయాయి. తొమ్మిదోది గువ్వలసీమ.

అందుకే మూడు రోజుల కిందట మాంత్రికుడు విరూపజటి గోసాయి వేషంలో అవ్వ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె పోసిన మజ్జిగ తాగి, "చల్లగా ఉండు తల్లీ" అంటూనే ఆమె గొంతును ఒక సొరకాయ బుర్రలోకి పీల్చేసి, బిరడా బిగించి మాయమయ్యాడు. వాడు హేమకూటం సేనాపతి చండవర్మ తినిపించగా తింటున్నవాడు. ఆనాటినుంచి అవ్వ పెదవులు కదులుతాయి, మాట రాదు. బుట్ట అంచు మీద ఒకసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే నడవమని గుర్తు పెట్టుకున్నారు. పొద్దుటినుంచి ఆమె రెండుసార్లే కొడుతోంది.

"పోతానే ఉన్నా కదవ్వా! నీకంటే నా కాళ్లకే తొందరెక్కువ," అన్నాడు మైలారు రొప్పుతూ.

మలుపు తిరిగేసరికి కొండ చెంప మొత్తం ఎండలో భగ్గున మెరిసింది. అభ్రకపు రేకలు పొదిగిన రాళ్లు వేయి అద్దాలై కళ్లు పొడుస్తున్నాయి. సన్నని మోదుగు కొమ్మల మీద పూలు నిప్పు కణికల్లా వేలాడుతున్నాయి. అడుగున, రెండు నదులు కలిసే చోట ఒక నీరు ఎరుపు, ఒక నీరు పసుపు. కలిసి కూడా చాలాదూరం దేని రంగు దానిదిగానే ఒకే గట్ల మధ్య పోతున్నాయి. ఎదురుగా, చేతికందేటంత దూరంలో దుర్గం.

ఇంతలో వెనక గుర్రపు డెక్కలు వినబడ్డాయి. ముందు చూస్తే విరూపజటి మాయకు దారి నలభై దారులైంది.

చేతివేళ్లలాగా పక్కపక్కనే, ఒకే వెడల్పుతో, ఒకే మలుపుతో నలభై కాలిబాటలు దుర్గం వైపు సాగుతున్నాయి. అన్నింటి మీదా అవే రాళ్లు, అవే మోదుగు పూలు. మైలారు కాలు ముందుకు వెయ్యబోతే అవ్వ బుట్ట అంచు మీద గట్టిగా ఒక్కసారి కొట్టింది.

ఆగు.

ఆగడమంటే అతనికి ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. డెక్కల చప్పుడు దగ్గరపడుతోంది. ఏదో ఒక దారిన పడిపోదామా అన్న తహతహ గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, కావడి దించి, వెనక బుట్టలోని నల్లరాయి తీసి, దారులకు అడ్డంగా బలంకొద్దీ దొర్లించాడు. రాయి మొదటి దారిలోంచి పొగలోంచి పోయినట్టు పోయింది. రెండోదీ అంతే, పదోదీ అంతే. పదిహేడో దారి అంచుకు తగిలి ఠంగుమని మోగి, ఎగిరి, లోయలో పడింది.

"అదీ మన దారి!"

కావడి ఎత్తాడు. వెనక బుట్ట తేలికైపోయి కావడిబద్ద ముందుకు మొగ్గింది, అవ్వ నేలకు తగలబోయింది. మైలారు భుజాన్ని బద్ద మీద ఒక మూర ముందుకు, అవ్వ వైపు జరుపుకున్నాడు. బద్ద నిలబడింది. అతడు పరుగందుకున్నాడు. వెనక వస్తున్న చండవర్మ రౌతులు ముగ్గురూ ఆరో దారిలోకి గుర్రాలు తోలారు. ఆ తర్వాత వాళ్ల చప్పుడు వినబడలేదు.

*

దుర్గం వాకిట కొలతగాడు ఇత్తడి కొలబద్దతో కూర్చుని ఉన్నాడు. పక్కనే చండవర్మ భటులు నలుగురు చేతులు కట్టుకు నిలబడ్డారు. కొలతగాడు పీటకు బద్ద ఆనించి చూసి, తల గోక్కుని, మళ్లీ ఆనించాడు.

"రెండు వేళ్లు ఎక్కువుంది."

"పీటా? అదెట్లా పెరుగుద్ది సామీ? చెట్టా అది?"

"నన్నడిగితే? కిందటిసారీ ఎక్కువే ఉంటే చూసీ చూడనట్టు పంపించాను. ఇప్పుడు వీళ్లు నిలబడి చూస్తున్నారు," అని భటుల వైపు కనుబొమ ఎగరేశాడు.

భటుల్లో ఒకడు పగలబడి నవ్వాడు. "చిన్న సీమ చిన్న సీమ అని లోకమంతా ఏడుస్తారు, తీరా చూస్తే తొమ్మిదింట్లో వీళ్ల పీటే పెద్దది! ఎవడి వాటా కొట్టేశార్రా?"

అప్పుడు వెలిగింది మైలారుకు. గువ్వలసీమలో బిడ్డ పుడితే పురుడు వెళ్లిన రోజున ఆ ఇంటివాళ్లు పీట అంచుకు ఒక చుక్క లక్క అద్దుతారు. ఈ బిడ్డ కూడా మనలో ఒకటి అని చెప్పడం అది. రెండు వందల ఏళ్లుగా అద్దుతున్నారు. ప్రేమకొద్దీ అద్దిన చుక్కలు పొరలు కట్టి, పొరలు గట్టిపడి, పీట కొలత దాటిపోయింది. తక్కిన ఏ సీమా తన పీటను ఇలా పెంచుకోలేదు. వాళ్లకు అంత అవసరం రాలేదు.

రెండో కొమ్ము మోగింది.

"చెక్కెయ్యండి మరి. నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు కొలతగాడు మెల్లగా, ఒక ఉలి ముందుకు నెట్టి.

మైలారు ఉలి పట్టుకున్నాడు కానీ చెయ్యి ఆడలేదు. కుడివైపు అంచు మీద, మొన్న మాఘంలో అద్దిన చుక్క ఇంకా ఎర్రగా, తడిగా ఉన్నట్టే ఉంది. అది అతని కూతురిది. దానికింద అతనిది. దానికింద అతని తండ్రిది. అవ్వ బుట్టలోంచి దిగి, అతని చేతిలోంచి ఉలి లాక్కుని, మొదటి పెచ్చు తానే లేపింది. ఎర్రని పెంకులు ఆమె ఒడిలో రాలాయి. ఆమె ముఖంలో ఏ భావమూ లేదు. దంతాలు లేని దవడ మాత్రం బిగుసుకుపోయింది. మైలారు ఉలి తిరిగి తీసుకుని మిగిలింది గబగబా గీకేశాడు. కూతురి చుక్క రాలేటప్పుడు కళ్లు మూసుకోలేదు.

కొలబద్ద పీట మీద సరిగ్గా కూర్చుంది.

*

సభామండపం తామరపువ్వు ఆకారంలో ఉంది. ఎనిమిది రేకుల్లో ఎనిమిది పీటలు, తొమ్మిదోది ఖాళీ. పైకప్పు గవాక్షాలనుంచి దిగిన ఎండ స్తంభాలు నేల మీది పచ్చరాళ్లను కొలను నీళ్లలా చేశాయి. దక్షిణపు కిటికీలోంచి నది అవతల గువ్వలసీమ మొదటి కొండ కనబడుతోంది. పక్షులైతే ఒక్క ఊపులో చేరే దూరం. మనిషికైతే తాళ్లవంతెన ఒక్కటే దగ్గరి దారి. చండవర్మ కాపలా ఉందని ఆ వంతెన వదిలిపెట్టి, మైలారు ఎగువన రేవు దాటి రెండు రోజులు కొండ చుట్టి వచ్చాడు.

పీట నేలకు తగిలిన మరుక్షణమే మూడో కొమ్ము మోగింది. మైలారు అవ్వను కూర్చోబెట్టబోయాడు. ఆమె తన గొంతు చూపించి, అతని రెండు భుజాల మీదా చేతులు వేసి అదిమింది.

"నేనా? అవ్వా, నేను కూకుంటే..."

ఆమె ఇంకా గట్టిగా అదిమింది. కూర్చున్నాడు.

"పీట మీద ఉన్నవారే సీమ," అని ప్రకటించాడు సభ నడిపే వేత్రధారి. "పరిష్కారమయ్యేదాకా పీట దిగిన సీమ మళ్లీ ఎక్కదు."

ఎడమకాలు అప్పుడే ఆడడం మొదలుపెట్టింది. మైలారు దాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు.

హేమకూటం పీట మీదనుంచి మంత్రిణి సువర్చల మాట్లాడింది. నడివయసు మనిషి, ఒంటి మీద నగ ఒక్కటీ లేదు. గొంతు పెద్దది చెయ్యకుండానే అందరికీ వినబడేలా మాట్లాడే అలవాటున్నది.

"మా ఎగువ మన్నెంలో కరువొచ్చిన ఏడు, కిందటి సభలో, కూటమి గాదెలు తెరవమని ఈ మండపంలోనే చేతులు జోడించాను. ఐదు పీటలు వద్దన్నాయి. ఆ ఐదు సీమల జనాన్నీ పోగేస్తే మా ఒక్క నగరానికి సరిపోరు. తొంభై వేలమందిని మట్టి చేసుకున్నాం. గువ్వలసీమ వారిని ఒకటే అడుగుతాను. మీ ఒక్క ప్రాణం మా నాలుగు వందల ప్రాణాలతో సమానమని ఏ శాస్త్రంలో ఉంది?"

మైలారు నవ్వు ముఖం పెట్టి ఏదో అనబోయి, అవ్వ వైపు చూశాడు. అవ్వ తల దించుకుంది. ఆ ఐదు పీటల్లో ఒకటి తమదేనని అతనికి అప్పుడే తెలిసింది. హేమకూటం వాళ్లంటే అత్యాశపోతులనే చిన్నప్పటినుంచి విన్నాడు. ఇలా చచ్చినవాళ్ల లెక్క పట్టుకొస్తారని ఎవరూ చెప్పలేదు. చెప్పని మాట ఒకటి ఇంట్లో ఉందని తెలిస్తే ఇల్లంతా కొత్తగా కనిపిస్తుంది. అతనికి లేచి ఎటైనా పోవాలనిపించింది. పీట అంచులు రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీరన్నది అబద్ధం కాదమ్మా," అన్నాడు. మండపం గుసగుసలాడింది. "అది తప్పే. మాదే తప్పు. కానీ మంత్రిణమ్మా, నేను కావడి మోసేవాణ్ని. శాస్త్రాలు ఎరగను."

"కావడివాడు ధర్మసూక్ష్మం చెబుతాడట, వినండి!" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

"సూక్ష్మం గాదు సామీ, బరువు. ఒక పక్క పెద్ద బరువు, ఒక పక్క చిన్న బరువు. పెద్దదాన్ని కోసి చిన్నదానంత చేస్తామా? చిన్నదాన్ని పారేసి పెద్దదాన్ని ఒక్కదాన్నే మోస్తామా? ఒక పక్కే మోస్తే నడుం పోద్ది. భుజం ఎక్కడ పెట్టాలో చూసుకోవాల." అతనికి మాట దొరికింది; వేగంగా వచ్చింది, అతని నడకలాగే. "అన్నం మాటొస్తే తలలే లెక్కెట్టండి. ఆకలి తలకే గానీ సీమకుండదు. ఒక సీమ ఉండాలా పోవాలా అన్న మాటొస్తే పీటలే లెక్కెట్టండి. మిగతా దేనికైనా రెండు లెక్కలూ తియ్యండి. రెండూ ఒప్పితేనే ఎత్తుదాం."

"ఒకటి ఒప్పి ఒకటి ఒప్పకపోతే?" అంది సువర్చల.

"దించుకుని సర్దుకోవాల. మళ్లీ ఎత్తుకోవాల."

"అలా దించుకుంటూ కూర్చుంటే ఏ పనీ నడవదు."

"నడిచేటప్పుడు దించడం నాకూ చెడ్డ చిరాకేనమ్మా," అన్నాడు మైలారు. ఈసారి నవ్వినవాళ్లు అతన్ని చూసి నవ్వలేదు. సువర్చల పెదవి కూడా కదిలింది. "కూర్చోవడం నాకు ఎంత కష్టమో మా ఆడదాన్నడగండి."

హేమకూటం వెనక నిలబడ్డ చండవర్మ నవ్వలేదు. కనుసైగ చేశాడు. స్తంభం చాటున బిరడా ఊడిన చప్పుడు.

"ఒరే మైలారూ! లేరా! సీమ తగలబడుతోంది, లే!"

అది రేవమ్మవ్వ గొంతు. పసితనంనుంచి అతన్ని లేపిన గొంతు, కొట్టిన గొంతు, అన్నానికి పిలిచిన గొంతు. అతని ఒళ్లు తనను అడక్కుండానే సగం లేచింది. కానీ అవ్వ ఎదురుగానే ఉంది, నోరు మూసుకుని. ఆమె రెండు చేతులతో అతని మోకాళ్లను నేలకేసి అదిమింది. ఆమె నోటినుంచి రాని గొంతు స్తంభం చాటునుంచి అరుస్తూనే ఉంది.

అప్పుడు దక్షిణపు కిటికీలోంచి పొగ కనబడింది. మొదటి కొండ మీద, సన్నగా, తర్వాత దట్టంగా.

సువర్చల తన పీట మీదనుంచి లేవలేదు. చేతి దండాన్ని మాత్రం స్తంభం వైపు విసిరింది. సొరకాయ బుర్ర పగిలింది. విరూపజటి కెవ్వున అరిచి గబ్బిలమై కప్పు సందులోకి ఎగిరాడు. గొంతు మండపమంతా ఒక చుట్టు తిరిగి, దాహంతో ఇల్లు చేరిన మనిషిలా అవ్వ నోట్లోకి దూరింది. ఆమె దగ్గింది.

"అవ్వా! పొగ మాయేనా?"

"కాదురా," అంది అవ్వ. మూడు రోజుల తుప్పు ఉంది ఆ గొంతులో. "ఆ బుర్రలో ఉండి అన్నీ విన్నా. ఈ చండవర్మ దండు నిన్ననే ఏరు దాటింది. పొగ నిజం."

"పోలి... పాప..."

"ఆ. వాళ్లూ ఉన్నారు. నా మనవలూ ఉన్నారు. లేవకు." ఆమె చేతులు ఇంకా అతని మోకాళ్ల మీదే ఉన్నాయి. "నువ్వు దిగావంటే అక్కడ కాలేది ఎవరిదీ కాని నేల. నువ్వుంటే కూటమి సీమ. ఎనిమిది దండ్లు రావాల. కూకో."

"చండవర్మా," అంది సువర్చల, వెనక్కి తిరగకుండానే. "నా నోటితో న్యాయం అడిగించి, నా వెనక ఇదా చేసింది?"

దక్షిణపు వాకిలి దగ్గర సేనాపతి అంగీ అంచు ఒక్క క్షణం మెరిసి మాయమైంది.

"కావడివాడి మాటను పీటలు తేల్చాలి," అన్నాడు వేత్రధారి. ఆచారం ఆచారమే; అది తేలేదాకా ఏ దండూ కదలదు. పెద్ద సీమతో మొదలుపెట్టి, ఒక్కో పీట నాలుగు కాళ్లూ రాగిచెంబు నీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు అడగాలి. అతడు ముసలివాడు. నీళ్లు ఒలకకుండా వంచుతాడు.

హేమకూటం: "సమ్మతం," అంది సువర్చల.

ఆ తర్వాతి రెండు పెద్ద సీమలూ తలల లెక్క ఒక్కటే కావాలని కాదన్నాయి. పొగ కొండ నడుమునుంచి శిఖరానికి పాకింది. నాలుగోది, ఐదోది సమ్మతించాయి. ఆరో పీట పెద్దాయన అన్నం విషయంలో కూడా పీటను వదులుకోనని గొణిగి కాదన్నాడు. ఏడో పీట కాళ్లు కడుగుతుంటే మైలారు నోట్లో ఉప్పగా తగిలింది. పెదవి కొరుక్కున్నాడని తెలియలేదు. ఇన్నేళ్లూ తనను తరిమినదేదో ఇప్పుడు వచ్చి పక్కనే కూర్చుంది. అతడు మొదటిసారి దాని ముఖం చూశాడు. అందులో భయంకరమైనదేమీ లేదు. తాను లేనప్పుడు ఇంట్లో ఏమైనా అవుతుందేమోనన్న బెంగ, అంతే. ఇప్పుడది నిజంగానే అవుతోంది. తాను కదలకూడదు.

ఏడోది సమ్మతం. ఎనిమిదోది కాదు. నాలుగు, నాలుగు.

వేత్రధారి వంగి, గువ్వలసీమ పీట కాళ్లు కడిగాడు. ఒకటి. రెండు. మూడు. చెంబులో నీళ్లు అయిపోతే మళ్లీ నింపుకున్నాడు. నాలుగు.

"గువ్వలసీమ?"

"సమ్మతం!" అన్నాడు మైలారు. ఆ అరుపుకు కప్పులోని పావురాలు లేచిపోయాయి.

గంట మోగింది. "కూటమి సీమ మీద దాడి జరిగింది! ఎనిమిది దండ్లూ కదలాలి!" అంది సువర్చల, అప్పటికి పీట దిగి. అవ్వ అతన్ని పక్కకు నెట్టి తాను పీట మీద కూర్చుంది. "ఇంకేం చూస్తావురా? పో!"

మైలారు లేచాడు, దభీమని బోర్లా పడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు కూర్చోని కాళ్లు రెండూ తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. కొలతగాడు పరుగున వచ్చి లేపాడు. సూదులు గుచ్చుతున్న కాళ్లతో కుంటుతూ, తడబడుతూ, మెట్లు మూడేసి దూకుతూ అతడు దక్షిణపు వాకిలి దాటాడు. తాళ్లవంతెన ఎదురుగా ఊగుతోంది. కాపలావాళ్లను వెంటేసుకుని చండవర్మ అప్పుడే అవతలి గట్టెక్కుతున్నాడు.

వెనక దుర్గంలో నగారాలు మోగాయి. ఎనిమిది సీమల నగారాలు, గువ్వలసీమ కోసం, రెండు వందల ఏళ్లలో మొదటిసారి. దండు తయారై గుమ్మం దాటేసరికి ఎంతసేపవుతుందో అతడు లెక్కవెయ్యలేదు. వంతెన మీద కాలు పెట్టాడు. సగం దాటేసరికి అవతలి ఒడ్డున గొడ్డలి లేచింది. ఒక తాడు తెగి వంతెన పక్కకు ఒరిగింది, కింద ఎర్రనీళ్లూ పసుపునీళ్లూ గిర్రున తిరిగాయి.

గొడ్డలి మళ్లీ లేచింది. అది దిగేలోపలే మైలారు అవతలి గట్టు వైపు ఏట్లోకి దూకేశాడు.